అడ్వాన్సు కింద నలిగే కుటుంబానికి సంఘం ఎలా తోడు నిలవాలి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో క్రైస్తవ సంఘం లేని మండలం అరుదు. యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఊరు దాటలేని కుటుంబాలు కూడా ఆ మండలాల్లోనే ఉండొచ్చు. దీన్నే వెట్టి చాకిరీ అంటారు. అలాంటి కుటుంబం సంగతి చెవిన పడితే సంఘం మామూలుగా రెండిట్లో ఒకటి చేస్తుంది. ప్రార్థన చేసి ఊరుకుంటుంది, లేదా చందా వేసి ఆ బాకీ కట్టేస్తుంది. మొదటిది చాలదు. రెండోది మేలు చేయాలనే మనసుతో చేసినా నష్టమే చేస్తుంది. ఎందుకో కింద చెబుతాం. కాపరి, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యవ్వనస్థులు ఏ పని ఏ వరసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాం.

ముందు వాక్యం, ఆ తర్వాతే పని

నాలుగు వారాలు బుధవారం కూడికను దీనికి కేటాయించండి. ఈ పునాది లేకుండా దిగిన సంఘం మొదటి బెదిరింపుకే వెనక్కి తగ్గుతుంది.

మొదటి వారం ఆదికాండము 1:27, 9:6 కలిపి చదవండి. దేవుడు మనిషిని తన స్వరూపమందు సృజించాడన్న మాట సృష్టి దగ్గరే ఆగిపోలేదు. మనిషి పాపంలో పడ్డాక, జలప్రళయం కూడా అయిపోయాక, 9వ అధ్యాయంలో దేవుడు మళ్లీ అదే కారణం చూపించి మనిషి ప్రాణానికి కంచె కట్టాడు. కాబట్టి ఆ విలువ చదువు వల్లనో, కులం వల్లనో, మంచి నడవడి వల్లనో వచ్చింది కాదు, బాప్తిస్మంతో వచ్చింది కూడా కాదు. యేసు పేరు ఎన్నడూ వినని యానాది తెగ పిల్లవాడిలోనూ అది నిండుగా ఉంది. ఈ ఒక్క సంగతి అందరికీ మనసుకు పట్టేదాకా రెండో వారానికి వెళ్లకండి.

రెండో వారం ద్వితీయోపదేశకాండము. 24:6లో తిరగలిని తాకట్టు పెట్టుకోవద్దని ఉంది, ఎందుకంటే అది ఒకరి బతుకుతెరువును తాకట్టు పెట్టుకోవడమే. 24:14-15లో కూలివాడి కూలి పొద్దు గుంకేలోగా ఇచ్చెయ్యమని ఉంది. 15:12-15లో దాసుణ్ణి ఏడో ఏట విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపొద్దని, మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపమని ఉంది. విడుదలతోపాటే పునరావాసం అన్న ఆలోచన అక్కడే ఉంది.

మూడో వారమంతా నెహెమ్యా 5వ అధ్యాయానికే ఇవ్వండి. మన పనికి ఇంతకంటే దగ్గరైన భాగం బైబిల్లో లేదు. కరువు వచ్చింది, రాజుకు పన్ను కట్టాలి, పొలాలు కుదువలో ఉన్నాయి, చివరికి కొడుకులను, కూతుళ్లను దాసులుగా అప్పగించారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, స్వజనులే. నెహెమ్యా ఏం చేశాడో వరసగా గమనించండి. కోపం వచ్చింది, తనలో తాను ఆలోచించుకున్నాడు, ప్రధానులను గద్దించాడు, సమాజాన్ని కూర్చాడు, పొలాలు, ఇళ్లు, వడ్డీ తిరిగి ఇమ్మన్నాడు, యాజకుల ఎదుట వాళ్లచేత ప్రమాణం చేయించాడు. అన్యుల చేతికి అమ్ముడుపోయిన సహోదరులను తాము శక్తికొద్దీ విడిపించామని 8వ వచనంలో చెప్పుకున్న మనిషే, ఇక్కడ అప్పిచ్చినవాళ్లకు మాత్రం ఒక్క పైసా కట్టలేదు. కట్టకుండానే వదిలిపెట్టించాడు. ఈ తేడా ముందుముందు మనకు పనికొస్తుంది.

నాలుగో వారం లూకా 4:18-19, గలతీయులకు 5:1, 5:13, ఫిలేమోను 16. ఈ రోజే ఎవరో ఒకరు ఎఫెసీయులకు 6:5 ఎత్తుతారు, దాసులు యజమానులకు లోబడాలి కదా అని. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. అక్కడే 6:9లో యజమానులు బెదిరించడం మానాలని ఉంది. అదే పౌలు 1 కొరింథీయులకు 7:21లో స్వతంత్రుడయ్యే వీలుంటే దాన్నే వాడుకొమ్మన్నాడు, 7:23లో మనుషులకు దాసులు కావద్దన్నాడు. 1 తిమోతి 1:10లో మనుష్యచోరులను నరహంతకుల వరసలోనే చేర్చాడు. ఇక మన దేశంలో అప్పు పేరిట మనిషిని కట్టేసే వెట్టి 1975 అక్టోబర్ 25 నుంచి చట్టం ముందు చెల్లదు. లోబడాల్సిన యజమానే లేనప్పుడు లోబడే ప్రశ్న రాదు.

మన ఇల్లు

బయటికి వెళ్లే ముందు సంఘంలోని ఇళ్లు చూసుకోండి. ఎవరింట్లోనైనా 14 ఏళ్లలోపు పిల్లో పిల్లాడో పనికి ఉంటే, 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం అది నేరం, చదివిస్తామని తెచ్చుకున్నా నేరమే. మందిరం ఊడ్చే మనిషికి, కాపలా మనిషికి నెలనెలా జీతం అందుతోందా? అప్పు తీసుకున్న విశ్వాసి కాపరి గారి తోటలో 'సేవ' చేసి తీరుస్తున్నాడా? అలాంటిది ఉంటే ఈ వారమే ఆపి, చేసిన పనికి డబ్బు లెక్కగట్టి ఇవ్వండి. దీన్ని దాటేసి ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెబుతాం.

వెట్టిని గుర్తుపట్టడం

రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు ఇటుక బట్టీలు, కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు, నగరి, పుత్తూరుల్లో మరమగ్గాలు, చెరకు గానుగలు, మామిడి తోటల కాపలా, తమిళనాడు సరిహద్దుల్లో బాతులు, గొర్రెలు మేపే పని: అడ్వాన్సు చేతులు మారే చోట్లు ఇవి. ఈ పనులన్నిట్లో వెట్టి ఉందని కాదు. చూడాల్సింది పనిని కాదు, మనిషి కదలగలడా లేదా అన్నది.

వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం, 1976 చెప్పేది ఇది. అడ్వాన్సుకు బదులుగానో, తాతల నాటి బాకీ కిందో, కులం వల్లనో, ఆచారం పేరిటో ఒకరు పనిచేస్తూ ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కోల్పోయినా అది వెట్టే: కనీస వేతనం, వేరేచోట పనికి వెళ్లే స్వేచ్ఛ, ఇష్టమొచ్చిన చోటికి తిరిగే స్వేచ్ఛ, తన వస్తువునో తన చేతిపనినో బజారు ధరకు అమ్ముకునే హక్కు. నాలుగూ ఉండాల్సిన పని లేదు. సంకెళ్లు, తాళాలు, దెబ్బలు ఉండాల్సిన పని అసలే లేదు. అడ్వాన్సుకు కాగితం లేకపోయినా సరే. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీ అవుతుందని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పింది.

కూలి లెక్క ఇలా వేయండి. బట్టీలో వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు ఉంటుంది, కూలి మాత్రం కుటుంబం మొత్తానికి ఒక్కటే. రోజుకు వెయ్యి ఇటుకలు, రేటు 600 అనుకుందాం. మట్టి తొక్కే భర్త, అచ్చు పోసే భార్య, ఇటుక తిరగేసే పెద్ద పిల్ల కలిసి ముగ్గురైతే తలకు 200. అందులోంచి అడ్వాన్సు కింద ఎంత కోస్తున్నారో తీసెయ్యండి. మిగిలినదాన్ని ఆ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం పక్కన పెట్టి చూడండి. ఆ వేతనం ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో చెబుతారు.

వాళ్లతో మాట్లాడే తీరు

అడ్వాన్సు ఇచ్చి కూలీలను తెచ్చే మేస్త్రీ ఎదుట అడగొద్దు. సంతలో, ఆసుపత్రి దగ్గర, నీళ్లకు వచ్చినప్పుడు మాట్లాడండి. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి. వయసులో పెద్దవాళ్లను 'మీరు' అనే పిలవండి. యానాది పెద్దాయనను 'ఏరా' అని పిలిచే ఊళ్లో ఆ ఒక్క మాటే వాళ్లకు ధైర్యమిస్తుంది. 'మిమ్మల్ని బంధించారా?' అని అడిగితే 'లేదు' అంటారు, అప్పు తీసుకున్నది తామేనని వాళ్ల నమ్మకం. ఇలా అడగండి: అడ్వాన్సు ఎంత, ఎప్పుడు, ఏ అవసరానికి తీసుకున్నారు? ఇప్పుడెంత మిగిలిందంటున్నారు, లెక్క ఎవరి పుస్తకంలో ఉంది? వారానికి ఖర్చులకు ఎంత ఇస్తారు? చావుకో పెళ్లికో వెళ్లాలంటే ఎవరిని అడగాలి, వెళితే ఇంట్లోవాళ్లంతా వెళ్లనిస్తారా, ఒకరిని ఉంచుకుంటారా? రేపు పక్క బట్టీలో ఎక్కువ కూలి ఇస్తామంటే పోగలరా? ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది? వారంలో ఒక రోజైనా పని ఆపుతారా? ద్వితీయోపదేశకాండము 5:14 దాసదాసీలకు కూడా విశ్రాంతి ఇమ్మంటుంది గనుక ఈ చివరి ప్రశ్న సంఘానికి సులువుగా నోటికొస్తుంది. జవాబు చాలా సంగతులు బయటపెడుతుంది.

విన్నది అదే రోజు రాత్రి కాగితంమీద పెట్టండి. వాట్సాప్‌లో పెట్టకండి. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు ఎవరికీ పంపకండి.

బాకీ కట్టకండి

కానుకల డబ్బు పోగుచేసి యజమాని చేతిలో పెడితే ఆ కుటుంబం ఆ రోజే బయటికి వస్తుంది, నిజమే. కానీ చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం ఆ అప్పు ఎప్పుడో రద్దయింది. రద్దయిన అప్పుకు డబ్బు తీసుకోవడమే 9వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. మీరు కడితే ఆ నేరానికి మీ చేత్తో మీరే సాయం చేసినట్టు. పైగా వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారులు ఇచ్చే విడుదల ధ్రువపత్రం కుటుంబానికి రాదు, పునరావాసం డబ్బు రాదు. యజమాని అదే డబ్బుతో ఇంకో కుటుంబాన్ని తెచ్చుకుంటాడు. వీటన్నిటికంటే ముఖ్యమైనది, దేవుని స్వరూపానికి ఇరవై వేలో ముప్పై వేలో ధర ఉందని సంఘమే ఒప్పుకున్నట్టు అవుతుంది. క్రీస్తు వెల ఇచ్చి కొన్నవాళ్లకు మరొకరు ధర చెప్పే హక్కు లేదు. నెహెమ్యా అడిగింది తిరిగి ఇవ్వమని, తీసుకోమని కాదు.

మీరే బట్టీలోకి వెళ్లి కుటుంబాన్ని ఆటో ఎక్కించుకు రావడం కూడా వద్దు. దొంగతనం కేసో, కిడ్నాప్ కేసో పెడతారు, సాక్ష్యం చెదిరిపోతుంది.

అర్జీ

అర్జీ జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ పేరిట రాయాలి. నకళ్లు ఆర్డీవోకు లేదా సబ్ కలెక్టర్‌కు, ఎస్పీకి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది. కానీ అక్కడ జనం ఎక్కువ, మాట బయటికి పొక్కే ప్రమాదం ఉంది. పిల్లలు, గర్భిణులు, దెబ్బలు తిన్నవాళ్లు ఉంటే సోమవారం కోసం ఆగకుండా కలెక్టర్‌నో ఆర్డీవోనో నేరుగా కలిసి ఇవ్వండి. పిల్లలుంటే 1098కి, వెంటనే ప్రాణభయం ఉంటే 112కి ఫోన్ చేయండి. న్యాయ సహాయానికి 15100, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదుకు 14566.

అర్జీ రెండు పేజీలు దాటొద్దు. పని జరిగే చోటు, అక్కడికి దారి, కొండగుర్తు. ఎన్ని కుటుంబాలు, మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు విడివిడిగా. అడ్వాన్సు ఎంత, ఏ నెలలో. పైన చెప్పిన నాలుగింట్లో ఏవి పోయాయి. వాళ్లు మాట్లాడే భాష. ఒడిశా నుంచి వచ్చినవాళ్లయితే దుబాసీ కావాలని రాయండి. 'వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం, 1976 కింద విచారణ జరిపి విడుదల ధ్రువపత్రాలు ఇప్పించమని కోరుతున్నాం' అన్న వాక్యం తప్పనిసరి. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(హెచ్) కూడా రాయండి, వెట్టి చేయించడం దాని కిందికీ వస్తుంది. మనుషుల అక్రమ రవాణా ఉంటే భారతీయ న్యాయ సంహిత 143, బలవంతపు చాకిరీకి 146. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

సంఘంలో ఈ సంగతి నలుగురైదుగురికి మించి తెలియకూడదు. ఆదివారం ప్రార్థన అంశంగా చెబితే సాయంత్రానికి బట్టీకి చేరుతుంది, రాత్రికి కుటుంబాలను లారీ ఎక్కించి పంపేస్తారు.

అధికారులు వెళ్లే రోజు

స్త్రీల సమాజం చేతికి ఈ రోజు పని అప్పగించండి. తాగునీళ్లు, పిల్లలకు పాలు, రెండు పూటలకు అన్నం, దుప్పట్లు, ఆడవాళ్లకు శానిటరీ ప్యాడ్లు సిద్ధం చేయాలి. మనుషులతోపాటు సామాను కూడా పట్టే బండి ఉండాలి. గిన్నెలు, కోళ్లు, కుక్క వదిలేసి రమ్మంటే చాలామంది రారు, వాళ్లకున్న ఆస్తి అదే. చేతిలోని వేతనం పుస్తకం, చీటీలు, ఫోన్ తప్పక తెచ్చుకోమనండి.

పనులు చెడిపోయేది ఎక్కువగా విచారణ దగ్గరే. యజమాని ఎదురుగా కూర్చోబెట్టి 'ఇష్టపడే వచ్చారా?' అని అడిగితే అందరూ తల ఊపుతారు. ఒక్కొక్కరి వాంగ్మూలం విడిగా, యజమాని లేకుండా తీసుకోమని వినయంగా, కానీ వదలకుండా అడగండి. అది వెట్టి కాదని రుజువు చేసుకోవాల్సిన భారం 15వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడిదే. కూలీలు కాగితాలు చూపలేదని విచారణ మూసెయ్యడం కుదరదు. ఇంకోటి, దీన్ని కూలి బకాయి తగాదాగా చూసి, కొంత డబ్బు ఇప్పించి సంతకాలు పెట్టించి పంపేస్తారు. బకాయి ఇప్పించడం మంచిదే. అయినా అది విడుదల పత్రానికి బదులు కాదు.

ధ్రువపత్రం కుటుంబ పెద్ద ఒక్కడికే ఇస్తే ఒప్పుకోవద్దు. పనిచేసిన ప్రతి ఒక్కరికీ, పిల్లలకు కూడా, విడివిడిగా రావాలి, ఎందుకంటే సాయం తలకు లెక్క. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, వయసు సరిగ్గా ఉందా, అక్కడికక్కడే అక్షరం అక్షరం చదివి చూడండి. తర్వాత దిద్దించడానికి నెలలు పడుతుంది. ఎఫ్ఐఆర్ నకలు కూడా తీసుకోండి.

డబ్బు, కాగితాలు

కేంద్ర పునరావాస పథకం 2016లో మారింది, తక్షణ సాయాన్ని తర్వాత తలకు 30,000 రూపాయల దాకా పెంచారు. ఇది కేసు తేలేదాకా ఆగాల్సింది కాదు, విడుదల చేసిన జిల్లాలోనే అడగండి. పూర్తి సాయం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, దివ్యాంగులకు, అక్రమ రవాణాకు గురైనవాళ్లకు, అలాంటి మరీ దారుణమైన స్థితిలో ఉన్నవాళ్లకు 3 లక్షలు. దీని చివరి చెల్లింపు న్యాయప్రక్రియకు ముడిపడి ఉంటుంది. అందుకే సాక్షులు వాయిదాలకు వెళ్లేలా ప్రతిసారీ బస్సు చార్జీ, ఆ రోజు కూలి సంఘం భరించాలి. చందా వేయాలనుకున్న డబ్బుకు సరైన చోటు ఇదే.

ఖాతా భార్యాభర్తలకు వేర్వేరుగా తెరిపించండి. పాస్‌బుక్ గానీ ఏటీఎం కార్డు గానీ కాపరి దగ్గర, పెద్దల దగ్గర దాచొద్దు, వాళ్లు అడిగినా సరే. నిన్నటిదాకా వాళ్ల ఆధార్ ఇంకొకరి పెట్టెలో ఉంది. సచివాలయంలో రైస్ కార్డు, కుల ధ్రువపత్రం, ఉపాధి పని జాబ్ కార్డుకు దరఖాస్తు పెట్టించండి. యానాదులు షెడ్యూల్డ్ తెగ, మతం ఏదైనా ఆ హోదా పోదు. షెడ్యూల్డ్ కులాల సంగతి వేరు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదాకు మతం షరతు ఉంది. పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది, ఒకటో తరగతిలో కూర్చోబెడితే పదేళ్ల పిల్లాడు మళ్లీ బడికి రాడు.

సువార్త సంగతి

విడుదలైన కుటుంబాన్ని ఆరాధనకు రమ్మని అడగకండి. కరపత్రం ఇవ్వకండి, వేదికమీద నిలబెట్టి సాక్ష్యం చెప్పించకండి. నిన్నటిదాకా ఒకరి చేతికింద ఉన్న మనిషికి అన్నం పెట్టినవాళ్ల మాట కాదనే బలం ఉండదు. అలా వచ్చిన 'అవును' దేవుడు అడిగే అవును కాదు. తన స్వరూపంలో చేసిన మనిషికి కాదనే స్వేచ్ఛ ఇచ్చింది కూడా ఆయనే. ఇంకో లెక్క కూడా ఉంది. తిరుపతి చుట్టుపక్కల ఒక్క కరపత్రం దొరికినా మాట మతమార్పిడి మీదికి మళ్లుతుంది, బట్టీ యజమాని చల్లగా తప్పుకుంటాడు, కుటుంబం నలిగిపోతుంది. వాళ్లంతట వాళ్లు అడిగితే దాచకుండా చెప్పండి, అంతే.

ఈ పనిలో క్రైస్తవేతరులతో కలిసి నడవడానికి వెనకాడొద్దు. యానాదుల కోసం సంఘం కట్టి జీవితం ధారపోసిన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గాంధేయవాది. యానాదుల కోసమే నెల్లూరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. అక్కడి అధికారులతో, గిరిజన సంఘాలతో ముందే పరిచయం పెంచుకోండి.

మళ్లీ అడ్వాన్సు జోలికి పోకుండా

పునరావాసం లేని విడుదల మనిషిని మళ్లీ అదే గుంటలో పడేస్తుందని సుప్రీంకోర్టు 1984లోనే హెచ్చరించింది. బట్టీలు నడిచేది వేసవికి. అడ్వాన్సులు పంచేది అంతకుముందు వానాకాలంలో, పని లేక పొయ్యి వెలగని రోజుల్లో. అడ్వాన్సు తీసుకునేది జ్వరాలకు, కాన్పుకు, చావు ఖర్చుకు, కూలిన గుడిసెకు. అక్కడ మేస్త్రీకంటే ముందు సంఘం ఉండాలి.

అందుకు ఒక నిధి పెట్టండి. సంఘంలో ఇరవై కుటుంబాలు నెలకు 200 చొప్పున వేస్తే నెలకు 4,000, ఏడాదికి 48,000. అవసరంలో ఉన్న ఒక్కో కుటుంబానికి 5,000 దాకా అప్పుగా ఇవ్వండి, పది నెలల్లో 500 చొప్పున తిరిగి తీసుకోండి. నిర్గమకాండము 22:25 చెప్పినట్టు వడ్డీ వద్దు. తాకట్టు వద్దు, పూచీ సంతకాలు వద్దు. కట్టలేకపోతే గడువు పెంచండి, రెండోసారీ కట్టలేకపోతే మాఫీ రాసెయ్యండి. పనితో తీర్చుకుంటామని వాళ్లే అన్నా ఒప్పుకోకండి. లెక్క పుస్తకం తీసుకున్నవాళ్ల దగ్గర ఒకటి, సంఘంలో ఒకటి ఉండాలి. చదవడం రానివాళ్లకు ప్రతి నెలా చదివి వినిపించాలి. నిధి కమిటీలో సగం మంది కూలి చేసుకునే ఇళ్ల ఆడవాళ్లు ఉంటే మంచిది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ముందు తెలిసేది వాళ్లకే.

జూలై నాటికి నిధిలో కనీసం నాలుగు కుటుంబాల అవసరానికి సరిపడా డబ్బు ఉండేలా చూడండి. అందులో పదివేలు బ్యాంకులో కాకుండా కోశాధికారి చేతిలో నగదుగా ఉంచండి. అర్ధరాత్రి కాన్పు నొప్పులొస్తే మేస్త్రీ జేబులో నగదు సిద్ధంగానే ఉంటుంది.